మూలకు మూడు మీటర్ల అవతల

సర్వే పనిలో చేరిన తొలి రోజున నా చేతికి ఇచ్చినవి ఒక సమ్మెట, నేలలో గుర్తుగా దిగగొట్టే కొయ్య పెగ్గుల కట్ట ఒకటి, ఒక సున్నం డబ్బా మాత్రమే. కట్టబోయే భవనం నాలుగు మూలలూ అంతకు ముందు రోజే కొలిచి నేలమీద సున్నం చుక్కలుగా పెట్టి ఉన్నారు. పెగ్గులు వాటిమీదనే దింపాలనుకొని, ఎండ ముదిరేలోగా నాలుగింటినీ నిలువుగా, వెంట్రుకవాసి పక్కకు జరగకుండా దిగగొట్టి, చెమట తుడుచుకుంటూ మెప్పు కోసం నిలబడ్డాను. మా పెద్ద సర్వేయరుగారు గొడుగు నీడలోంచి లేచి వచ్చి, ఒక్కొక్క పెగ్గునూ కాలితో తట్టి చూసి, "చాలా చక్కగా కొట్టావు బాబూ. రేపు పొద్దున యంత్రం వచ్చి మొట్టమొదట పెకలించేది వీటినే" అన్నారు.

ఆ మాటలో వెటకారం లేదు. నేను మాత్రం ఆ రాత్రి చాలాసేపు దాని గురించే ఆలోచించాను. భవనం మూల ఎక్కడ వస్తుందో అక్కడే పునాది కోసం తవ్వుతారు, తవ్వేచోట కొట్టిన పెగ్గు మొదటి బొచ్చె మట్టితోనే లేచిపోతుంది. అంటే మూల ఎక్కడుందో చెప్పవలసిన పెగ్గు ఆ మూలలో ఉండకూడదు. ఇంత చిన్న విషయం తోచకుండా పొద్దంతా సమ్మెట ఊపినందుకు సిగ్గేసింది. పునాది పని ఆరంభాన్ని మనం శంకుస్థాపన అంటాం. శంకువంటే నేలలో పాతే కొయ్యే. కొయ్య పాతడమే కట్టడానికి ఆరంభమని భాష కూడా గుర్తు పెట్టుకున్న పనిని నేను మొదటి రోజే తలకిందులు చేశాను.

మర్నాడు ఆయన సమ్మెట ముట్టుకోనివ్వలేదు. స్థలం చుట్టూ నన్ను వెంటబెట్టుకొని రెండుసార్లు నడిచారు. తవ్విన మట్టి ఏ వైపు పోస్తారు, లారీ ఎటునుంచి లోపలికి వచ్చి ఎక్కడ వెనక్కు తిరుగుతుంది, ఇనుప చువ్వలు ఎక్కడ దించుతారు, కంకర ఎక్కడ కుప్ప వేస్తారు, వాన పడితే నీళ్లు ఏ పల్లానికి పారతాయి, ఇవన్నీ ఒక్కొక్కటిగా అడిగారు. నాకు దేనికీ జవాబు తెలియదు. తెలియకపోతే మేస్త్రిని అడగాలని, మేస్త్రికీ తెలియకపోతే యంత్రం నడిపే మనిషి వచ్చేదాకా ఆగాలని చెప్పారు. పెగ్గు చోటును నిర్ణయించేది నక్షా ఒక్కటే కాదని, రాబోయే రెండు నెలల్లో ఆ నేలమీద జరగబోయే తొక్కిడి కూడానని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ నడక తర్వాతే అసలు పని మొదలైంది. ప్రతి గోడ గీతనూ రెండు వైపులా భవనం దాటి బయటికి పొడిగించి, మూలనుంచి 3 మీటర్ల దూరంలో ఒక పెగ్గు, అదే గీతమీద ఇంకో 3 మీటర్ల అవతల మరొక పెగ్గు కొట్టించారు. ఒక మూలలో రెండు గీతలు కలుస్తాయి కాబట్టి ఒక్కో మూలకు నాలుగు పెగ్గులు, మొత్తం భవనానికి పదహారు. నాలుగు మూలలకు నాలుగు పెగ్గులు చాలవా అని లోలోపల లెక్కవేసుకుంటున్న నాకు ఇది దండగ ఖర్చులా కనిపించింది. కాని గీతకు ఇరువైపులా ఒక్కొక్కటే పెగ్గు ఉంటే, ఒకటి పోయిన నాడు రెండోది ఉన్నా లేనట్టే, ఎందుకంటే ఒక్క బిందువు గీతను చూపించలేదు. రెండేసి ఉంటే ఒక వైపువి రెండూ లారీ కింద నలిగిపోయినా అవతలి వైపు రెండింటి వెనుక నిలబడి చూపు సాగదీస్తే గీత మళ్లీ దొరుకుతుంది. కలిసే రెండు గీతలూ దొరికాయంటే మూల కూడా దొరికినట్టే. దండగ అనుకున్న పెగ్గులు మూడో వారానికే అక్కరకు వచ్చాయి.

పెగ్గు గురించి కూడా కొంచెం చెప్పాలి. మేము వాడినది 5 సెంటీమీటర్ల చదరపు మందం, 30 నుంచి 40 సెంటీమీటర్ల పొడవు, మొన చెక్కిన గట్టి కొయ్య. దాన్ని నేలకు రెండు మూడు సెంటీమీటర్ల పైన మాత్రమే తల కనిపించేలా దించుతాం. ఎత్తుగా వదిలేస్తే కాళ్లకు తగులుతుంది, తగిలిన ప్రతిసారీ కొంచెం వంగుతుంది. ఎంత జాగ్రత్తగా కొట్టినా దిగేటప్పుడు మొన ఏ రాయినో తగిలి పెగ్గు కాస్త పక్కకు జరుగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. అందుకని కొయ్యను ముందు సుమారుగా దించి, ఆ తర్వాత మళ్లీ కొలిచి, దాని తలమీద అసలు బిందువు దగ్గర చిన్న మేకు కొట్టాలి. "పెగ్గు వీధి, మేకు ఇంటి గుమ్మం" అనేవారు పెద్దాయన. మెత్తటి నేలలో పొడవాటి పెగ్గు కావాలి. రాతి నేలలో పెగ్గు దిగనే దిగదు కాబట్టి రాయికి చిన్న బెజ్జం వేసి ఇనుప మేకు దించి చుట్టూ రంగు పూస్తాం. నెలల తరబడి నిలవవలసిన బిందువైతే చుట్టూ కాంక్రీటు పోసి చిన్న దిమ్మెలా కడతాం, పనివాళ్లు దాన్ని బుర్జీ అంటారు.

నేలకు అంటుకొని ఉన్న పెగ్గు గడ్డిలో ఎవరికీ కనబడదు. కాబట్టి దాని పక్కనే నడుమెత్తు కర్ర ఒకటి పాతి, కొసకు రంగు పూసి, గుడ్డపేలిక కట్టి, ఆ కర్రమీద సమాచారం రాయాలి. ఈ కర్ర కొలతకు పనికిరాదు, కాపలాకు మాత్రమే. ఈ తేడా తెలియని వాళ్లు కర్రకు టేపు తగిలించి కొలవడం నేను చాలాసార్లు చూశాను. కర్రమీది రాత పని జరిగే వైపుకు తిరిగి ఉండాలి, తవ్వే మనిషి గుంతలో నిలబడి తలెత్తితే చదవగలగాలి. రాసేది పెగ్గు పేరు, మూలనుంచి దూరం, అది గోడ నడిమి గీతకా, గోడ బయటి ముఖానికా, లేక తవ్వకపు అంచుకా అన్న సంగతి. ఈ మూడింటి మధ్య తేడా రాయకుండా వదిలేసిన పెగ్గు అసలు లేనిదానికంటే చెడ్డది. లేని పెగ్గును ఎవరూ నమ్మరు కదా.

లంబకోణం సంగతి ఎంత రాసినా తనివి తీరదు. 3, 4, 5 కొలతల త్రిభుజం గురించి బళ్లో అందరూ చదువుతారు, కాని 3 మీటర్లు, 4 మీటర్లు కొలిచి దాన్ని 20 మీటర్ల గోడకు పొడిగిస్తే చిన్న చేతితప్పు కూడా గోడ చివరకు అయిదింతలో ఆరింతలో పెరిగిపోతుంది. త్రిభుజం ఎంత పెద్దదైతే అంత నమ్మకం కాబట్టి స్థలం ఉన్నంత మేరకు 9, 12, 15 మీటర్లు వేయించేవారు. ఆ తొలి భవనం సరిగ్గా 12 మీటర్లకు 9 మీటర్లు, కర్ణం 15 మీటర్లు రావాలి. మాకు మొదటిసారి ఒక కర్ణం 15 మీటర్ల 5 సెంటీమీటర్లు, రెండోది 14 మీటర్ల 95 సెంటీమీటర్లు వచ్చాయి. నాలుగు భుజాలూ సరిగ్గానే ఉన్నాయి కదా, 5 సెంటీమీటర్లేగా అన్నాను. ఆయన ఏమీ అనకుండా నోటుబుక్కు నాకిచ్చి లెక్క కట్టమన్నారు. కర్ణంలో ఆ తేడా 9 మీటర్ల గోడ చివరను 6 సెంటీమీటర్ల పైచిలుకు పక్కకు నెడుతుందని తేలింది. భుజాల కొలతలు నాలుగూ సరిపోయినా ఆకారం వాలిపోయి ఉండవచ్చు, ఆ సంగతి రెండు కర్ణాలను పోల్చినప్పుడే బయటపడుతుంది. టేపు జారకుండా ఒకే లాగుడుతో, నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట తూకపు గుండు వేలాడదీసి, టేపును మట్టంగా పట్టుకొని కొలవడం ఆ మధ్యాహ్నమే నేర్చుకున్నాను. వాలులో నేలను అంటించి కొలిస్తే గోడ పొట్టిదవుతుంది.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. రెండో ఏడో మూడో ఏడో, ఒక పొడవైన షెడ్డుకు నేనొక్కడినే పెగ్గులు పెట్టాను. మూడు మూలల్లో అన్నీ 3 మీటర్ల దూరంలో చక్కగా కుదిరాయి. నాలుగో మూల దగ్గర సరిగ్గా ఆ దూరంలో బండరాయి ఒకటి తేలి ఉంది. బెజ్జం వేసే ఓపిక లేక రెండున్నర మీటర్ల దగ్గర పెగ్గు కొట్టేసి, కర్రమీద దూరం మార్చి రాశాను. రాసింది సుద్దముక్కతో. ఆ రాత్రి జల్లు పడింది. తెల్లారి మేస్త్రి వచ్చేసరికి మూడు కర్రలమీద రంగుతో రాసిన 3 మీటర్ల అంకె స్పష్టంగా ఉంది, నాలుగోది నున్నగా కడిగినట్టుంది. మిగిలిన మూడూ మూడేసి మీటర్లయితే ఇదీ అంతే అయి ఉంటుందని అతను అనుకోవడంలో తప్పేముంది? ఒక మూల అర మీటరు లోపలికి జరిగి, ఒక గోడ మొత్తం ఏటవాలుగా తవ్వకం పడింది. మధ్యాహ్నం నేను వెళ్లి కర్ణాలు సరిచూసేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

కాంక్రీటు పోయకముందే దొరికింది కాబట్టి భవనం దక్కింది, కాని ఆ తవ్వకాన్ని సరిదిద్దడం తేలిక కాలేదు. తప్పుగా తవ్వినచోట అదే మట్టిని తిరిగి నింపి దానిమీద పునాది వేయకూడదు, వదులు మట్టి బరువుకు కుంగుతుంది. పునాది కిందికి వచ్చే భాగాన్ని తక్కువ సిమెంటు పాలున్న కాంక్రీటుతో నింపవలసి వచ్చింది. ఆ ఖర్చుకు కారణం ఒక సుద్దముక్క అని పెద్దాయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆయన కోప్పడలేదు. "సుద్ద తరవాతి తప్పు. అసలు తప్పు ఒక్కదాన్ని వేరుగా పెట్టడం. బండ అడ్డం వస్తే నాలుగింటినీ నాలుగు మీటర్లకు జరపాలి" అన్నారు. ఒక పనిలో అన్ని పెగ్గులూ ఒకే దూరంలో ఉంటే కర్రమీద రాత చెరిగిపోయినా మనిషి ఊహ తప్పుదారి పట్టదు. ఆ రోజునుంచి నేను ముందుగా అడ్డంకులన్నీ చూసుకొని, అన్నింటికీ సరిపడే ఒక్క దూరాన్ని ఎంచుకొని, ఆ తర్వాతే టేపు విప్పడం అలవాటు చేసుకున్నాను.

ఎంత దూరం సరిపోతుందన్నది లోతును బట్టి ఉంటుందని మరో వానకాలం నేర్పింది. రెండున్నర మీటర్ల లోతు తవ్వకానికి పక్కలు ఒకటికి ఒకటి వాలుగా తీస్తే, పైన గుంత అంచు అడుగు అంచుకంటే రెండున్నర మీటర్లు బయటికి వస్తుంది. దానికి తోడు పునాది పక్కన మనుషులు నిలబడి పనిచేసే చోటు, అంచునుంచి కొంత ఎడంగా పోసే మట్టికుప్ప. ఇవన్నీ కలిస్తే 3 మీటర్ల పెగ్గు మట్టికుప్ప కిందనే పడుకుంటుంది. అప్పటికీ లోతు నక్షాలో రాసినంతే ఉంటుందన్న నమ్మకం లేదు. గట్టినేల తగలకపోతే ఇంకా తవ్వుతారు, తవ్వినకొద్దీ అంచు వెనక్కు జరుగుతుంది. ఒకచోట అంచుకు మరీ దగ్గరగా పెట్టిన నా పెగ్గులు వానకు గట్టుతోపాటే కిందికి జారాయి. జారినవి కనబడ్డాయి కాబట్టి చిక్కు లేదు. జారకుండా రెండు సెంటీమీటర్లు మాత్రం కదిలి, చూడటానికి నిక్షేపంలా నిలబడ్డ వాటితోనే ప్రమాదం. తడిస్తే ఉబ్బి ఎండితే బీటలిచ్చే బంకమట్టిలో గట్టు జారకపోయినా పెగ్గు కదులుతుంది.

పునాది గీతలకు పెగ్గులతోపాటు అడ్డపలకలు కట్టడం కూడా ఆ రోజుల్లో తప్పనిసరి. మూల బయట రెండు గుంజలు పాతి వాటిమధ్య ఒక పలకను మట్టంగా బిగించి, పలకమీద గోడ ముఖాలకు, పునాది వెడల్పుకు వేరువేరుగా మేకులు కొట్టి, అవసరమైన మేకుకు దారం కట్టి అవతలి పలకదాకా లాగుతాం. రెండు దారాలు కలిసిన చోటునుంచి తూకపు గుండు వదిలితే అది గుంత అడుగున మూల ఎక్కడో చూపిస్తుంది. దారం విప్పేస్తే యంత్రానికి అడ్డు లేదు, మళ్లీ కడితే మూల మళ్లీ వస్తుంది. గుండు ఊగడం ఆగేదాకా గుంతలో ఊపిరి బిగబట్టి నిలబడిన నిమిషాలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి.

మురుగు పైపుల కాలువల దగ్గర వేరే లెక్క. అక్కడ గీతకు సమాంతరంగా ఒక పక్కనే పెగ్గులు వస్తాయి, ఆ పక్క ఎప్పుడూ మట్టి పోసే పక్కకు ఎదురుది అయి ఉండాలి. పైపు వాలు కోసం కాలువకు అడ్డంగా అక్కడక్కడా పలకలు బిగించి, ప్రతి పలక పైఅంచూ ఆ చోట పైపు అడుగుకంటే సరిగ్గా 3 మీటర్ల ఎత్తున ఉండేలా చూస్తాం. నూటికి ఒకటి వాలైతే 20 మీటర్ల అవతలి పలక 20 సెంటీమీటర్లు దిగువన ఉంటుంది. 3 మీటర్ల టీ ఆకారపు కర్రను కాలువలో నిలబెట్టి, ఒక పలకమీదుగా మరో పలకకు చూపు పెట్టినప్పుడు కర్ర తల ఆ చూపులో కలిస్తే లోతు సరిపోయినట్టు. రెండు పలకలు చాలు కదా అని ఎవరైనా అంటే పెద్దాయన మూడోది కట్టించేవారు. రెండింటిలో ఏది కదిలినా వాటి మధ్య చూపు తిన్నగానే ఉంటుంది, మూడోది గీతలోకి రాకపోతేనే ఏదో కదిలిందని తెలుస్తుంది.

రోడ్డు పనిలో నడిమి గీతమీద తిన్నని చోట 20 మీటర్లకు ఒకటి, వంపుల్లో 10 మీటర్లకు ఒకటి చొప్పున పెగ్గులు కొట్టేవాళ్లం. అందులో నాకు మోజు కలిగించినది మాత్రం వాలు అంచు పెగ్గు. కొండవాలును తొలిచేటప్పుడు తవ్వకం పైన సహజమైన నేలను ఎక్కడ తాకుతుందో అక్కడ అది ఉండాలి, ఆ చోటు ముందుగా ఎవరికీ తెలియదు. రోడ్డు సగం వెడల్పు 6 మీటర్లు, నడిమి గీత దగ్గర తవ్వకం 2 మీటర్లు, పక్క వాలు మీటరు ఎత్తుకు మీటరున్నర అనుకుందాం. నేల చదునుగా ఉంటే 9 మీటర్ల దగ్గర అంచు వస్తుంది. అక్కడికి ఎక్కి లెవెల్ పరికరంతో ఎత్తు చూస్తే నేల నడిమికంటే మీటరు ఎత్తు ఉంది, అంటే తవ్వకం 3 మీటర్లు, అంచు పదిన్నర మీటర్లకు పోవాలి. నేల ఇంకా ఎక్కుతోంది కాబట్టి 11 మీటర్లకు వెళ్లి చూస్తే ఎత్తు మీటరూ 20 సెంటీమీటర్లు, లెక్క 10 మీటర్ల 80 సెంటీమీటర్లు చెబుతుంది. ఇరవై సెంటీమీటర్లు వెనక్కు వచ్చి చూస్తే నిలబడ్డ దూరమూ, లెక్కలో వచ్చిన దూరమూ ఒకటయ్యాయి. నేలా లెక్కా రాజీపడిన ఆ క్షణంలో ఎత్తు కొలిచే గుర్తులున్న స్టాఫు కర్ర పట్టుకొని కొండమీద నిలబడిన ఖలాసీకి, అంటే సర్వే సహాయకుడికి, నేను చెయ్యి ఊపితే, అతను కేక పెట్టి పెగ్గు దించేవాడు. అది కూడా తవ్వకంలో పోయేదే కనుక దానికి 3 మీటర్ల ఎగువన మరొకటి.

ఎత్తులన్నీ కొలవడానికి ఆధారంగా పెట్టుకొనే గుర్తును, అంటే బెంచ్ మార్కును, మాత్రం ఆయన ఏనాడూ పెగ్గుమీద పెట్టనివ్వలేదు. పని తగలని పాత కట్టడపు మెట్టుమీదనో, రాతిమీదనో, లోతుగా పోసిన దిమ్మెమీదనో ఉండాలి. ఒకటి కాక రెండు ఉండాలి, ఒకదాన్నుంచి బయలుదేరి రెండోదానిమీద ఎత్తుల కొలత ముగించాలి.

ఇప్పుడు కోణాలనూ దూరాలనూ ఒక్కటే కొలిచే టోటల్ స్టేషన్ పరికరం వచ్చాక కుర్రవాళ్లు ఏ మూలనైనా, ఎప్పుడైనా నిమిషాల్లో తిరిగి పెడుతున్నారు. తవ్వే యంత్రాలకే ఉపగ్రహ సంకేతాలు అందుతున్నాయి. పదహారు పెగ్గుల అవసరం చాలాచోట్ల తీరిపోయింది, నాకు దానిమీద ఫిర్యాదు లేదు, నా భుజాలకు అసలే లేదు. అయితే ఆ పరికరాన్ని నిలబెట్టే ఆధార బిందువులు మూడో నాలుగో ఎక్కడో పాతక తప్పదు. ఒకదాన్నుంచి మరొకటి కనిపించేలా, మట్టికుప్ప పెరిగినా, గోడలు లేచినా చూపు తెగకుండా వాటికి చోటు వెదకడం పాత నడకలాంటిదే.

పెద్దాయన ప్రతి పొద్దునా పని మొదలయ్యేముందు నోటుబుక్కు పట్టుకొని పెగ్గులన్నింటినీ చుట్టివచ్చేవారు. పేజీలో వాటి పేర్లు ఒక వరుసలో, ఎదురుగా తేదీలు, ప్రతి గడిలో "ఉంది" లేదా "లేదు". ఆ తొలి భవనం పునాదులు పూర్తయి, మట్టి నింపేసి, గోడలు మోకాలెత్తు లేచాక కూడా ఆ చుట్టు ఆపలేదు. ఒక వారంగా పడమటి గీతమీది పన్నెండో పెగ్గుకు ఎదురుగా "లేదు" అనే వస్తోంది. ఇంక దానితో పనేమీ లేదు, అయినా ఆయన దాని ప్రస్తావన మానలేదు. ఒక సాయంత్రం ఇటుకల కుప్ప కరిగేసరికి అడుగున గడ్డి పసుపుగా మారినచోట దాని తల కనిపించింది, మేకు తుప్పుపట్టి ఉంది. టేపు ఒక కొస నాకిచ్చి గోడ మూలకు పట్టమన్నారు. 3 మీటర్ల 4 మిల్లీమీటర్లు వచ్చింది. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, ఆనాటి గడిలో పొద్దున రాసిన "లేదు" కొట్టేసి, పక్కన "ఉంది" అని రాసి, నాలుగు మిల్లీమీటర్లు కూడా వేసి, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు.